హ్యూస్టన్‌లో మేం చూసిన ముటోంబో

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన కాంగో ఆటగాడు డికెంబే ముటోంబో 2024 సెప్టెంబర్ 30న పోయాడు. మెదడు క్యాన్సర్. 58 ఏళ్లే. చికిత్స జరుగుతోందని 2022 అక్టోబర్‌లోనే బయటికి చెప్పారు కాబట్టి మరీ ఊహించని వార్తేం కాదు, అయినా ఆ రోజు నాకు పని ముందుకు సాగలేదు. ఒకప్పుడు హ్యూస్టన్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లం ఇప్పుడు తలో ఊళ్లో స్థిరపడ్డాం, కొందరితో మాట్లాడే చాలా కాలమైంది, ఆ సాయంత్రం మాత్రం ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. అందరూ ఎత్తింది ఒకే సీజన్ మాట. 2008.

అప్పటినుంచీ ఇది రాయాలని ఉంది. ఆయన లెక్కలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వాటికోసం నా రాత అక్కర్లేదు. కానీ నలభై దాటిన ఆటగాడిగా, కెరీర్ చివర్లో ఆయన్ని మొదటిసారి చూసి, అక్కడినుంచి వెనక్కి వెళ్లి ఆ జీవితం మొత్తాన్ని తెలుసుకున్న మాలాంటి అభిమానులు కూడా ఉన్నారు. ఆ వరసలోనే చెబుతాను.

మేమంతా చదువుకోడానికి వెళ్లినవాళ్లం. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగం. హ్యూస్టన్‌లో అప్పుడు బాస్కెట్‌బాల్ అంటే రాకెట్స్ జట్టు, రాకెట్స్ అంటే చైనానుంచి వచ్చిన యావో మింగ్, ఆయన పక్కన ట్రేసీ మెక్‌గ్రేడీ. సీనియర్ ఒకాయన మమ్మల్ని డౌన్‌టౌన్‌లోని టయోటా సెంటర్‌కి లాక్కెళ్లాడు, పై వరసల్లో చవక టికెట్లు, కోర్టు ఎక్కడో పాతాళంలో ఉన్నట్టు ఉండేది. అంత ఎత్తునుంచి చూసినా ఇద్దరు మనుషుల్ని పోల్చుకోవడం కష్టమయ్యేది కాదు. ఒకరు యావో, ఏడడుగుల ఆరంగుళాలు. ఇంకొకరు బెంచీ మీద కూర్చుని ఉండే 55వ నంబరు ఆయన, ఏడడుగుల రెండంగుళాలు, చేతులు చాపితే ఎక్కడిదాకా పోతాయో తెలీదు. "అన్నా, ఈయనకి 41 ఏళ్లంట" అని మా రూమ్మేట్ అంటే నేను నమ్మలేదు. 41 ఏళ్ల మనిషి ఆ గంతులేసే పిల్లల మధ్య ఏం చేస్తాడు?

ఆ ఏడాది జనవరి చివర్లో రాకెట్స్ గెలవడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, ఐదు, పది. పన్నెండు వరసగా గెలిచాక ఫిబ్రవరి 26న వార్త వచ్చింది, యావో ఎడమ పాదంలో ఎముక చిట్లింది, ఈ సీజన్‌కి ఇక లేడు. క్లాసులో, క్యాంటీన్‌లో, టీవీలో, ఎక్కడ విన్నా ఒకటే మాట, అయిపోయింది. జట్టులో సగం బలం యావోనే కదా. ఆయన చోటులో కోచ్ రిక్ ఆడెల్మన్ నిలబెట్టింది ముటోంబోని. అప్పటిదాకా అప్పుడప్పుడూ నాలుగైదు నిమిషాలు ఆడి కూర్చుంటున్న మనిషిని.

ఆ తర్వాత వరసగా ఇంకో పది గెలిచారు. మొత్తం 22. ఎన్‌బీఏ చరిత్రలో అప్పటికి అంతకన్నా పెద్ద పరంపర ఒక్కటే ఉంది, 1971-72లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ గెలిచిన 33. రాకెట్స్ పరంపరలో 22వది కూడా లేకర్స్ మీదే, మార్చి 16న, కోబీ బ్రయంట్ ఉన్న జట్టు మీద. రాఫర్ ఆల్‌స్టన్ 31 పాయింట్లు కొట్టాడు, షేన్ బాటియే కోబీని వదలకుండా అంటిపెట్టుకున్నాడు. రెండ్రోజులకి బోస్టన్ వచ్చి ఆపేసింది. ఆ బోస్టనే ఆ ఏడాది ఛాంపియన్.

ఆ పది విజయాల్లో ముటోంబో కొట్టిన పాయింట్లు చూస్తే చాలా తక్కువ. మాకు మొదట అదే అర్థం కాలేదు. పాయింట్లు కొట్టని మనిషికి జనం ఎందుకు లేచి నిలబడుతున్నారు? నాలుగైదు మ్యాచ్‌లు చూశాక తెలిసింది, ఆయన్ని చూడాలంటే బంతిని చూడకూడదని. బంతి పట్టుకున్నవాడు బాణంలా రింగ్ వైపు దూసుకొస్తాడు, దారి ఖాళీగానే ఉంటుంది, లోపల ముటోంబో ఒక అడుగు పక్కకి వేస్తాడు, అంతే, వచ్చినవాడు తలెత్తి చూసి, ఆగి, బంతిని వెనక్కి ఎవరికో ఇచ్చేసి తిరిగిపోతాడు. ఆయన బంతిని ముట్టుకోలేదు, ఎగరనుకూడా లేదు. ఇలాంటివి ఏ లెక్కల్లోకీ ఎక్కవు. నాకు ఆ ఆట మీద ఇష్టం పుట్టింది సరిగ్గా అక్కడే, ఇప్పటికీ ఏ మ్యాచ్ చూసినా నా కళ్లు ముందు రింగ్ కింద నిలబడ్డవాడి కాళ్ల మీదికి పోతాయి.

ఇక బంతిని కొట్టి అవతల పడేసినప్పుడు ఆ చూపుడు వేలు. కుడిచెయ్యి ఎత్తి, వేలు అటూ ఇటూ ఆడిస్తూ, కాదు కాదు కాదు, నా ఇంట్లో కుదరదు అన్నట్టు. అల్లరి చేసే పిల్లాడిని బామ్మ బెదిరించినట్టు ఉండేది. హాలంతా ఒక్కసారి వేళ్లు లేచేవి, మావి కూడా. పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో, మేమెవరో, అందరం ఒకేసారి వేలు ఆడిస్తున్నాం. కొత్త దేశంలో బితుకు బితుకుమంటూ తిరిగే రోజుల్లో అలా ఇరవై వేలమందితో కలిసి ఒక పని చేయడం మాకెంత బలాన్నిచ్చిందో చెప్పలేను.

ఆ వేలి కథ పెద్దదే. డెన్వర్ నగెట్స్‌లో ఆడే తొలి ఏళ్లలో మొదలైంది. ఎదుటివాణ్ని రెచ్చగొట్టడం కింద లెక్కేసి రెఫరీలు టెక్నికల్ ఫౌల్ అనే శిక్ష ఇచ్చేవాళ్లు. దాంతో ఆయన ఎదుటివాడి మొహం మీద కాకుండా ప్రేక్షకుల వైపు తిరిగి ఊపడం మొదలుపెట్టాడు. మైకేల్ జోర్డన్‌తో ఆయనకి ఉన్న లెక్కలు కూడా భలే ఉంటాయి. 1991లో ముటోంబో ఇంకా కొత్త కుర్రాడు, జోర్డన్ ఫ్రీ త్రో (ఫౌల్‌కి బదులుగా ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్) గీత దగ్గర నిలబడి, ఇది నీకోసం అని చెప్పి మరీ, కళ్లు మూసుకుని బంతి వేశాడు. పడింది. జోర్డన్ నా మీద ఎప్పుడూ డంక్ చేయలేదు, అంటే నా మీదుగా ఎగిరి బంతిని రింగ్‌లో దించలేదు అని ముటోంబో చాలా కాలం గర్వంగా చెప్పుకునేవాడు. 1997 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర ఛాంపియన్‌ని తేల్చే పోటీలు) అదీ అయింది, జోర్డన్ ఆయన మీదనుంచి డంక్ చేసి, కింద దిగి, ముటోంబో వేలునే ముటోంబోకి తిప్పి చూపించాడు. టెక్నికల్ ఫౌల్ పడింది, జోర్డన్ లెక్క చేయలేదు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు ముటోంబో గొప్పే ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది, అంతటివాడికి కూడా అన్నేళ్లు మనసులో నిలిచిపోయిన పందెం అది.

వెనక్కి వెళ్లి తెలుసుకున్నాం అన్నాను కదా. అప్పట్లో ఇంటర్నెట్‌లో పాత మ్యాచ్‌ల వీడియోలు చిన్న చిన్న ముక్కలుగా, మసకమసకగా ఉండేవి. వాటిలో మొట్టమొదట దొరికింది 1994 ఫొటో ఒకటి, నేలమీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులా బంతిని తల మీదికి ఎత్తి పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ముటోంబో. ఆ ఫొటో ఏంటో తెలుసుకోవడానికి ఒక రాత్రంతా కూర్చున్నాం.

ఆ ఏడాది సియాటిల్ సూపర్‌సోనిక్స్ 63 మ్యాచ్‌లు గెలిచి పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో ఉంది. గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఉన్న జట్టు. ఎనిమిదో స్థానంలో, చివరి బెర్తులో ప్లేఆఫ్స్‌కి వచ్చింది డెన్వర్. అప్పటిదాకా ఎనిమిదో స్థానంవాళ్లు మొదటి స్థానంవాళ్లని ఓడించిన సందర్భమే లేదు. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి రెండూ సియాటిల్ గెలిచింది, ఇక ఒక్కటి గెలిస్తే చాలు. డెన్వర్ మిగతా మూడూ గెలిచింది. చివరిది సియాటిల్‌లోనే, అదనపు సమయంలో, 98-94. ఆ అయిదు మ్యాచ్‌లలో ముటోంబో 31 బ్లాకులు చేశాడు, అంటే రింగ్ వైపు వెళ్తున్న బంతిని 31 సార్లు కొట్టి ఆపాడు. ఆఖరి రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) కూడా ఆయన చేతికే వచ్చింది, అది పట్టుకునే నేల మీద పడిపోయాడు. గెలిచిన మనిషి ఎగరాలి, పరిగెత్తాలి, ఈయన పడుకుని బంతిని కౌగిలించుకున్నాడు. బాస్కెట్‌బాల్‌లో అంతకన్నా నిజమైన సంతోషం ఉన్న ఫొటో నేను చూడలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే కాంగో రాజధాని కిన్షాసా. 1966 జూన్ 25న పుట్టాడు. పెద్ద కుటుంబం, తండ్రి విద్యారంగంలో పనిచేసిన మనిషి. చిన్నప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆలస్యంగా, ఎత్తు చూసి ఇంట్లోవాళ్లు పట్టుబట్టాక. 1987లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వచ్చింది ఆటకోసం కాదు, డాక్టర్ అవుదామని. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ. ఆ పొడుగు చూసి కోచ్ జాన్ థాంప్సన్ ఊరుకుంటాడా? రెండో ఏడాది జట్టులోకి తీసుకున్నాడు. అలాంజో మోర్నింగ్ కూడా అదే జట్టు, రింగ్ కింద కాపలా కాసే సెంటర్లు ఇద్దరూ ఒకేసారి లోపల నిలబడితే ఎదుటివాళ్లకి రింగ్ కనపడేది కాదేమో. రింగ్ వెనకాల కూర్చునే విద్యార్థులు తమ వరసకి రిజెక్షన్ రో అని పేరు పెట్టుకుని, బ్లాక్ పడిన ప్రతిసారీ ఒక పెద్ద చెయ్యి బొమ్మ తగిలించేవాళ్లు.

వైద్యం చదువు మధ్యలో వదిలేయాల్సి వచ్చింది. కానీ చదువు వదల్లేదు, భాషాశాస్త్రం, దౌత్యం రెండింట్లో డిగ్రీ తీసుకున్నాడు. తొమ్మిది భాషలు మాట్లాడేవాడు. ఇది తెలిసిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో అందరం కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష, క్లాసులో ప్రొఫెసర్ వేగంగా మాట్లాడితే సగం అర్థమై సగం అర్థంకాక తిప్పలు పడుతున్న మాకు, అదే దారిలో ముందు నడిచిన మనిషి ఒకడు ఇదే ఊళ్లో మన కళ్లముందు ఆడుతున్నాడు అనిపించింది. యావో మింగ్ కూడా అలాగే వచ్చాడు కదా అనొచ్చు, కానీ యావో వచ్చేటప్పటికే స్టార్. ముటోంబో విద్యార్థిగా వచ్చాడు. మాకు ఆ తేడా పెద్దది.

జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 1991 డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో డెన్వర్ తీసుకుంది. తర్వాత అట్లాంటా హాక్స్, ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ, న్యూయార్క్, చివరికి హ్యూస్టన్. మొత్తం 18 సీజన్లు. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు నాలుగుసార్లు, 1995, 1997, 1998, 2001. ఎనిమిదిసార్లు ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపిక. 3,289 బ్లాకులు, చరిత్రలో రెండో స్థానం. మొదటి స్థానం హకీమ్ ఒలాజువాన్‌ది, 3,830, ఆయనా ఆఫ్రికానుంచే, నైజీరియా, ఆయనా హ్యూస్టన్ మనిషే. కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ని దాటి ముటోంబో రెండోస్థానానికి వచ్చింది కూడా రాకెట్స్ జెర్సీలోనే, 2007లో. అదే ఏడాది మార్చిలో, 40 ఏళ్ల వయసులో, తన పాత జట్టు డెన్వర్ మీద ఒకే మ్యాచ్‌లో 22 రీబౌండ్లు పట్టాడు.

ఛాంపియన్‌షిప్ మాత్రం రాలేదు. 2001లో ఫిలడెల్ఫియాతో ఫైనల్‌కి వెళ్లాడు, అలెన్ ఐవర్సన్ జట్టు. మొదటి మ్యాచ్‌లో ఐవర్సన్ 48 కొట్టి గెలిపించాడు, తర్వాత నాలుగూ లేకర్స్‌వే. షకీల్ ఓనీల్ సగటున 33 పాయింట్లు కొట్టాడు, ముటోంబో మీదే. దీన్ని పట్టుకుని ఆయన్ని తక్కువ చేసేవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఆ రోజుల్లో ఓనీల్‌ని ఒంటరిగా ఆపినవాడు భూమ్మీద లేడు. 35వ ఏట అడుగుపెడుతూ ఆ బరువుని, ఆ మోచేతుల్ని ప్రతి రాత్రీ ఒంటిమీద కాసుకుని మళ్లీ మర్నాడు నిలబడ్డాడు. 2003లో న్యూజెర్సీ నెట్స్‌తో మళ్లీ ఫైనల్, మళ్లీ ఓటమి.

ఇక ఆసుపత్రి సంగతి. ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

వాళ్లమ్మ పేరు బియాంబా మరీ. 1990ల చివర్లో దేశం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, కిన్షాసాలో ఆమెకి స్ట్రోక్ వచ్చింది. వీధులు మూసేశారు, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి దారి లేదు. ఇంట్లోనే పోయింది. కొడుకు అప్పటికి కోట్ల డాలర్లు సంపాదిస్తున్న ఆటగాడు, సముద్రానికి ఇవతల ఉన్నాడు, ఏమీ చేయలేకపోయాడు. డాక్టర్ అవుదామని ఇల్లు వదిలి వచ్చిన కొడుకు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇల్లొదిలి దూరదేశంలో ఉన్న ప్రతివాడికీ అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఎందుకు ఆగుతుందో తెలుసు.

ఆయన తన ఫౌండేషన్‌తో కిన్షాసా శివార్లలో, మసీనా అనే చోట, 300 పడకల ఆసుపత్రి కట్టాలనుకున్నాడు. 2001లో శంకుస్థాపన అయింది, పనులు మొదలయ్యింది 2004లో. మధ్యలో విరాళాలు అనుకున్నట్టు రాలేదు, ఖాళీగా ఉందని ఆ భూమే చేజారిపోబోయింది. ఆయన పట్టు వదల్లేదు. మొత్తం ఖర్చు 2.9 కోట్ల డాలర్లు, అందులో సగానికి పైగా ఆయన జేబులోదే. 2006 సెప్టెంబర్‌లో ప్రారంభోత్సవం, 2007లో రోగుల్ని చూడటం మొదలైంది. దానికి అమ్మ పేరే పెట్టాడు. ఆ ప్రాంతంలో దాదాపు 40 ఏళ్లలో కట్టిన మొదటి ఆధునిక ఆసుపత్రి అదే.

2007 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ అమెరికా కాంగ్రెస్‌లో వార్షిక ప్రసంగం చేస్తూ, గ్యాలరీలో కూర్చున్న ముటోంబోని చూపించి ఆయన గురించి చెప్పాడు. లేచి నిలబడితే ఆ గ్యాలరీలో అందరికన్నా ఎత్తు. మాకు ఇవన్నీ తెలిసింది 2008లో, గెలుపుల మధ్యలో. ఆ తర్వాత ఆయన వేలు ఊపితే కేకలు ఇంకాస్త గట్టిగా పెట్టేవాళ్లం.

ఇంకో చిన్న విషయం, దీన్ని ఎక్కువమంది చెప్పుకోరు. 1996 ఒలింపిక్స్ అట్లాంటాలో జరిగాయి. ఆయన దేశానికి అప్పుడు జైర్ అని పేరు. వాళ్ల మహిళల బాస్కెట్‌బాల్ జట్టు వచ్చింది, చేతిలో డబ్బుల్లేవు. యూనిఫారాలకీ ఖర్చులకీ ఆయనే డబ్బు పెట్టాడు.

2009 వసంతం నాకు బాగా గుర్తు. ఆ సీజన్ మొదట్లో ఆయన ఏ జట్టులోనూ లేడు, రిటైరయ్యాడేమో అనుకున్నాం, కొత్త సంవత్సరానికి ముందురోజు మళ్లీ రాకెట్స్‌లో చేరాడు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ పోర్ట్‌ల్యాండ్ మీద. మొదటి మ్యాచ్‌లో వచ్చి 9 రీబౌండ్లు పట్టాడు, 42 ఏళ్లకి. రెండో మ్యాచ్ ఏప్రిల్ 21న. పోర్ట్‌ల్యాండ్ సెంటర్ గ్రెగ్ ఓడెన్‌తో తగిలి కింద పడ్డాడు, ఎడమ మోకాలు పట్టుకుని. మా టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. లేస్తాడనుకున్నాం. స్ట్రెచర్ తెచ్చారు. మోకాలి దగ్గరి కండర బంధం తెగిపోయింది. ఆ రాత్రే ఆయన చెప్పేశాడు, ఇక నాకు బాస్కెట్‌బాల్ అయిపోయింది అని. మావాడొకడు ఏడ్చాడు, పరీక్షలు పోయినా ఏడవని మనిషి. రాకెట్స్ ఆ సిరీస్ గెలిచారు, 1997 తర్వాత మొదటిసారి రెండో రౌండ్‌కి వెళ్లారు. మాకు మాత్రం సీజన్ ఆ రాత్రే ముగిసింది.

మేమూ తర్వాత ఒక్కొక్కళ్లం ఉద్యోగాలకి వెళ్లిపోయాం. ఆయన మాత్రం ఆటతోనే ఉన్నాడు, ఎన్‌బీఏ తరఫున దేశదేశాలు తిరిగాడు, ఆఫ్రికాలో పిల్లలకి శిబిరాలు పెట్టాడు. 2015లో బాస్కెట్‌బాల్ గొప్పవాళ్లకి ఇచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్. అదే ఏడాది జొహానెస్‌బర్గ్‌లో ఎన్‌బీఏ ఆఫ్రికా ఖండంలో మొట్టమొదటి మ్యాచ్ పెట్టినప్పుడు, ఆయనా హకీమూ కాసేపు కోర్టులోకి దిగారు, ఇద్దరూ యాభై దాటినవాళ్లు లేదా దాటబోతున్నవాళ్లు. అట్లాంటా, డెన్వర్ రెండూ 55 నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పైన కట్టేశాయి. ఈరోజు ఎన్‌బీఏలో ఆఫ్రికానుంచి వచ్చినవాళ్లు ఎంతమందో, ఎంబీడ్ ఎంవీపీ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, సియాకం ఛాంపియన్ అయ్యాడు. దారి వేసింది హకీమ్, మనూట్ బోల్, ముటోంబో తరం.

ఇప్పుడు ఆట మారిపోయింది. అందరూ దూరంనుంచి మూడు పాయింట్ల షాట్లు వేస్తున్నారు, ముటోంబోలాంటి సెంటర్‌ని బయటికి లాగేసేవాళ్లు, ఈ రోజుల్లో అయితే నిలవలేకపోయేవాడు అని కుర్రాళ్లు వాదిస్తారు. వాదనలో కొంత నిజముంది, కాళ్లు అంత చురుకైనవి కావు. కానీ రింగ్ కింద ఒక మనిషి ఉన్నాడన్న భయంతో ఎదుటి జట్టు మొత్తం తన ఆలోచన మార్చుకోవడం ఇవాళా ఉంది, ఈ తరం సెంటర్ గోబేర్‌కి కూడా ఉత్తమ డిఫెన్స్ అవార్డులు నాలుగు వచ్చింది అందుకే.

ఈయన్ని ఎప్పుడూ చూడనివాళ్లు బ్లాకుల వీడియోలతో సరిపెట్టుకోవద్దు. 1994 సియాటిల్ సిరీస్ అయిదో మ్యాచ్ పూర్తిగా దొరికితే అది చూడండి, మొదటినుంచి. స్కోరు సంగతి పక్కన పెట్టి, షాన్ కెంప్ లాంటి మనిషి లోపలికి వచ్చి ఒక్క క్షణం తటపటాయించే చోట్లు వెతకండి. చివరి నిమిషాల్లో అలాంటివి బోలెడు ఉంటాయి.